టర్నర్ అంటే ఎవరు? ఒక ఇంగ్లీషు ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు వెతికే పద్ధతి

విశాఖపట్నం మల్కాపురంలో మేముండే లైన్లో ఒకప్పుడు నలుగురు అప్పలరాజులం ఉండేవాళ్లం. సింహాద్రి అప్పన్న కొలువున్న ఊళ్లో ఇది వింతేమీ కాదు. కానీ పోస్టుమాన్ ఉత్తరం తెచ్చినా, చీటీ పాట రోజున డబ్బు లెక్క చూసుకున్నా ఏ అప్పలరాజో తేలాలి కదా. అందుకని జనమే మాకు తలా ఒక పేరు తగిలించారు. లంకెలపాలెం నుంచి వచ్చినాయన లంకెలపాలెం అప్పలరాజు. ఆరడుగుల మనిషి పొడుగు అప్పలరాజు. మూడో అతను నూకాలమ్మ కొడుకు అప్పలరాజు. నేను కంచరపాలెం ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, షిప్‌యార్డు మెషిన్ షాపులో లేతు (వస్తువును తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద పని చేసేవాణ్ణి కాబట్టి టర్నర్ అప్పలరాజునయ్యాను. చీటీల పుస్తకంలో కూడా అలాగే రాశారు. రాసిన తర్వాత ఇక ఆ పేరు పోలేదు. మా అబ్బాయి మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, లేతు ముట్టుకుని ఎరగడు. అయినా మా లైన్లో వాడు ఇప్పటికీ "టర్నర్ గారబ్బాయి".

ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు పావని ఒక రోజు నాతో పూర్ణా మార్కెట్ వైపు వచ్చి, టర్నర్ సత్రం పేరు చూసి ఆగిపోయింది. "తాతా, ఇది నీ పేరా?" అంది. కాదమ్మా, 19వ శతాబ్దంలో ఇక్కడ కలెక్టరుగా చేసిన టర్నర్ దొర పేరు అని చెప్పాను. "మరి కలెక్టరుకి లేతు పని చేసేవాడి పేరెందుకు పెట్టారు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు మూడు నెలలు పట్టింది. మొదట్లో తప్పుదారుల్లో తిరిగాను. ఇప్పుడైతే ఏ ఇంగ్లీషు ఇంటిపేరు చేతికిచ్చినా ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట గట్టిగా పట్టుకోండి. ఇంటిపేరు గురించి మనం అడిగేది ఒక ప్రశ్న కాదు, మూడు. ఆ మాటకు అర్థమేమిటి? ఆ పేరు ఎక్కడ, ఎప్పుడు పుట్టింది? ఇవాళ ఆ పేరున్నవాళ్లు ఎక్కడున్నారు? మూడింటికీ ఆధారాలు వేరు, వెతికే చోట్లు వేరు. ఒకదాని జవాబుతో ఇంకోదాన్ని తేల్చేయబోతేనే పొరపాట్లన్నీ వస్తాయి.

మొదటి పని, పేరు ఏ రకానిదో చూడటం. మా నలుగురు అప్పలరాజుల్నే గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు ఇంటిపేర్లలో చాలావరకు ఆ నాలుగు రకాల్లోనే పడతాయి. లంకెలపాలెం రకం ఊరిపేర్లు: చివర టన్, హామ్, లీ, బీ అని వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. పొడుగు రకం మనిషి రూపాన్నో గుణాన్నో బట్టి వచ్చినవి: లాంగ్, బ్రౌన్, ఆర్మ్‌స్ట్రాంగ్. మన నిఘంటుకర్త బ్రౌన్ దొర ఇంటిపేరు ఈ కోవలోదే, ఏ పూర్వీకుడి జుట్టో ఒంటి రంగో గోధుమ రంగులో ఉండి ఉంటుంది. నూకాలమ్మ కొడుకు రకంలో జాన్సన్, రాబర్ట్‌సన్ వస్తాయి. వేల్స్ వాళ్ల పేర్లు కొన్ని పైకి అలా కనిపించవు గానీ అవీ ఇదే రకం. వాళ్ల భాషలో కొడుకును 'ఆప్' అంటారు, ఆప్ హవెల్ కాస్తా పావెల్ అయింది, ఆప్ రీస్ ప్రైస్ అయింది. ఇక నా రకం వృత్తిపేర్లు: స్మిత్ కమ్మరి, కూపర్ పీపాలు చేసేవాడు, బ్రేజియర్ ఇత్తడి పనివాడు. నేను చదువుకున్న కంచరపాలెం పేరులోనూ కంచు పనివాళ్లే ఉన్నారు.

ఊరిపేరు ఇంటిపేరైతే ఆ మనిషి ఆ ఊళ్లో ఉన్నాడని కాదు, ఆ ఊరు వదిలి వచ్చాడని అర్థం. లంకెలపాలెంలో ఎవరినీ లంకెలపాలెం అప్పలరాజు అనరు, అక్కడ అందరిదీ లంకెలపాలెమే. మన గురజాడ అప్పారావు గారిని చూడండి. గురజాడ కృష్ణా జిల్లాలో ఒక ఊరు. ఆయన 1862లో పుట్టింది మన దగ్గర రాయవరంలో, బతికింది విజయనగరంలో. ఇంగ్లండ్‌లో యార్క్ అనే ఇంటిపేరు కూడా యార్క్ నగరం విడిచి మరో చోట స్థిరపడ్డవాళ్లకే వచ్చింది.

రకం తేలిందనుకున్నాక రెండో పని మొదలవుతుంది. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. పేరు వినగానే మనకు తెలిసిన ఇంగ్లీషు మాటతో దాన్ని జతచేయకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను గోదావరి జనం దేవుడిలా కొలుస్తారు. ఆయన పూర్వీకులు పత్తి వ్యాపారులని చాలాకాలం అనుకున్నాను. ఆ ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె, 'గుడిసెల దగ్గర' అనే అర్థంలో ఆ మాట కొన్ని ఊళ్ల పేరైంది, ఆ ఊళ్ల నుంచి ఇంటిపేరు వచ్చింది. వాకర్ అంటే నడిచేవాడని చెప్పేస్తాం. కానీ వాకర్ చేసే పని వేరు: నేసిన ఉన్ని గుడ్డను నీళ్ల తొట్టెలో వేసి కాళ్లతో తొక్కి, గుడ్డ దగ్గరపడి చిక్కబడేలా చేయడం.

అందుకే పేరు ఇప్పుడు ఎలా వినిపిస్తుందన్నది పక్కన పెట్టి, పాత స్పెల్లింగు వెతకాలి. ఇంగ్లండ్‌లో వంశపారంపర్యపు ఇంటిపేర్లు 1066లో నార్మన్లు గెలిచిన తర్వాత మెల్లగా అలవాటయ్యాయి. ముందు భూములున్న పెద్దలకు, తర్వాత మామూలు జనానికి. దక్షిణాన ముందు స్థిరపడ్డాయి, ఉత్తరాన ఆలస్యంగా. 1377, 1379, 1381లో తలపన్ను వేసినప్పుడు మనుషుల పేర్లు జాబితాలకెక్కాయి. మా చీటీల పుస్తకం చేసిన పని అక్కడ పన్ను గుమాస్తా చేశాడు. ఆ గుమాస్తా లాటిన్‌లోనో ఫ్రెంచిలోనో, చెవికి విన్నట్టు రాశాడు. కాబట్టి ఒకే కుటుంబం పేరు మూడు రకాలుగా కనిపించడం మామూలే. టర్నర్‌కి టోర్నూర్, టర్నూర్ అనే పాత రూపాలున్నాయి, చివర 'ఇ-ఆర్' బదులు 'ఓ-ఆర్' రాసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వెతికేటప్పుడు ఈ రూపాలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే సగం రికార్డులు కళ్లముందే జారిపోతాయి.

పాత రూపాలు, వాటి తేదీలు దొరికే మంచి చోటు 2016లో వచ్చిన నాలుగు సంపుటాల ఆక్స్‌ఫర్డ్ ఇంటిపేర్ల నిఘంటువు. బ్రిటన్, ఐర్లాండ్ పేర్లు 45 వేలకు పైగా ఉన్నాయి. పెద్ద లైబ్రరీల ద్వారా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. మీ పిల్లలు ఇంగ్లండ్‌లో చదువుతుంటే వాళ్ల లైబ్రరీ కార్డుతో చూసి పెట్టమనండి.

టర్నర్ సంగతికి వస్తాను. ఇది నా సొంత పేరు లాంటిది కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. లేతును గ్రీకులో 'తోర్నోస్' అనేవారు. అది లాటిన్‌లోకి వెళ్లి, పాత ఫ్రెంచిలో 'తోర్నూర్'గా పనివాడి పేరై, నార్మన్లతో ఇంగ్లండ్ చేరింది. అప్పటి టర్నర్ ఇనుము తిప్పలేదు, కర్ర తిప్పాడు. గిన్నెలు, కప్పులు, పళ్లేలు, కుర్చీ కాళ్లు చేసేవాడు. పింగాణీ చవకగా దొరకని రోజుల్లో ఇంటింటా తినడానికి, తాగడానికి వాడినవి చెక్క పాత్రలే. అతని లేతుకు మోటారు లేదు. పైన వంగే గుణమున్న పొడవాటి కర్ర, కింద కాలితో తొక్కే పలక, రెండింటి మధ్య తాడు. ఆ తాడును తిప్పాల్సిన దుంగ చుట్టూ ఒక చుట్టు చుడతారు. తొక్కితే దుంగ తనవైపు తిరుగుతుంది, అప్పుడు ఉలి ఆనించాలి. కాలు తీస్తే పై కర్ర తాడును వెనక్కి లాగుతుంది, దుంగ ఎదురు తిరుగుతుంది, ఉలి వెనక్కి తీయాలి. ముప్పై ఏళ్లు చెక్కాల్సిన ముక్కను యంత్రానికి బిగించి నిరంతరంగా తిరిగే లేతు మీద పనిచేసిన నాకు, అలా ఆగి ఆగి కోసి నున్నటి గిన్నె తీయడం ఎంత నేర్పో తెలుసు.

ఆ పని ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండ్ పోనక్కర్లేదు. మన ఏటికొప్పాక వెళ్లండి. అంకుడు కర్రను తరిమెన (లేతు) పట్టి, తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పావనిని అక్కడికి తీసుకెళ్లి, "ఇదిగోనమ్మా, టర్నర్ అంటే వీళ్లు" అని చూపించాను. మాటకు అర్థం నిఘంటువులో చదవడం ఒక ఎత్తు, చేతులు కదులుతుంటే చూడటం ఒక ఎత్తు. వృత్తిపేరు ఏదైనా సరే, ఆ వృత్తి మన దగ్గర ఎక్కడ మిగిలుందో వెతికి చూడమని నా సలహా.

ఇదే పనివాణ్ణి జర్మన్లు డ్రెక్స్‌లర్ అన్నారు, రష్యన్లు తోకార్ అన్నారు. ఆ రెండు చోట్లా అది ఇంటిపేరుగా మారింది, డ్రెక్స్‌లర్ అని, తోకారెవ్ అని. లండన్‌లో టర్నర్ల సంఘానికి 1604లో రాజు మొదటి జేమ్స్ చార్టర్ ఇచ్చాడు, ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

అర్థం దొరికిందని ఇక్కడ ఆగకండి. ఒకే ఇంటిపేరు రెండు మూడు వేళ్ల నుంచి రావచ్చు. టర్నర్‌లలో ఎక్కువమంది పనివాడి పేరు నుంచి వచ్చినవాళ్లే గానీ, కొన్ని చోట్ల అది 'టర్న్-హేర్' నుంచి వచ్చింది. పరిగెత్తే కుందేలును కూడా వెనక్కి మళ్లించేంత వేగం గలవాడని దాని అర్థం. మీ చేతిలో ఉన్న కుటుంబానిది ఏ వేరో తెలియాలంటే ఆ కుటుంబం రికార్డుల్లో ఒక్కో తరం వెనక్కి పోవాల్సిందే.

పావని ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పేరు తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలయ్యాక పని మారినా పేరు మారదు. ప్రసిద్ధ చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ 1775లో లండన్‌లో పుట్టాడు. అతని తండ్రి క్షురకుడు, విగ్గులు చేసేవాడు. ఇంట్లో లేతు లేదు. మన కలెక్టరు దొర సంగతీ అంతే, మా అబ్బాయి సంగతీ అంతే. ఆ పేరు ఎన్నో తరాల వెనక ఒక్క మనిషి చేసిన పనిని చెబుతుంది, మధ్యలో ఉన్నవాళ్లెవరి గురించీ చెప్పదు.

రక్తసంబంధాన్ని కూడా చెప్పకపోవచ్చు. 1831లో అమెరికాలో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో బానిసల తిరుగుబాటు నడిపిన నాట్ టర్నర్‌కి ఆ ఇంటిపేరు అతన్ని సొంత ఆస్తిగా లెక్కగట్టిన యజమాని కుటుంబం నుంచి వచ్చింది. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నాకు టర్నర్ అనే పేరు నా చేతిపని ఇచ్చింది, నేను దాన్ని గర్వంగా మోశాను. అదే పేరు ఇంకొకరి మీద యాజమాన్యపు ముద్రలా పడింది. ఇవాళ అమెరికాలో ఉన్న టర్నర్‌లలో నల్లజాతి కుటుంబాలు చాలా పెద్ద సంఖ్యలో ఉండటానికి ముఖ్య కారణం ఆ బానిసత్వమే. ఎవరికైనా వాళ్ల ఇంటిపేరు అర్థం చెప్పబోయే ముందు ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

ఇక మూడో పని, పేరు ఎక్కడెక్కడ ఉందో చూడటం. దీనికి పునాది 1881 బ్రిటన్ జనాభా లెక్కలు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో అప్పుడున్న మనుషుల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉన్నాయి, ఇంటిపేర్ల పటాలు ఎక్కువగా వాటి మీదే గీస్తారు. రైళ్లు, ఫ్యాక్టరీలు జనాన్ని అప్పటికే కొంత కదిలించినా, చాలా కుటుంబాలు ఇంకా పాత ప్రాంతాల దగ్గర్లోనే ఉన్నాయి. అందుకే పేరు పుట్టిన చోటుకు 1881 పటం ఇవాళ్టి పటం కంటే మంచి సాక్షి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

పటం చూసేటప్పుడు తలల లెక్క చూడకండి, లక్షకు ఎంతమందో చూడండి. లెక్క కోసం ఒక జిల్లాలో 20 లక్షల జనం, 5,000 మంది టర్నర్‌లు ఉన్నారనుకుందాం. లక్షకు 250. ఇంకో జిల్లాలో జనమే లక్ష, టర్నర్‌లు 600. తలల లెక్కలో మొదటిది పెద్దదిలా కనిపిస్తుంది, నిజంగా పేరు దట్టంగా ఉన్నది రెండోదాంట్లో. ఈ భాగహారం చేయకపోతే ప్రతి పేరూ లండన్‌లోనే పుట్టినట్టు తేలుతుంది.

పటంలో ఒకే చోట ముద్దగా ఉంటే ఆ పేరు ఒకటో రెండో కుటుంబాల నుంచి, తరచుగా ఒక ఊరి నుంచి, వచ్చి ఉంటుంది. దేశమంతా చల్లినట్టుంటే అది చాలాచోట్ల వేర్వేరుగా పుట్టిందన్నమాట. టర్నర్ రెండో రకం. గిన్నెలు చేసేవాడు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నాడు కాబట్టి ఇంగ్లండ్ అంతటా ఉంది, టర్నర్‌ల సొంతూరు అంటూ ఒక్కటి లేదు. వృత్తిపేర్లలో కూడా పటం మాట్లాడే సందర్భాలున్నాయి. ఇందాక చెప్పిన గుడ్డ తొక్కే పనినే తీసుకోండి. ఆ పనివాణ్ణి ఉత్తరాన వాకర్ అన్నారు, నైరుతిలో టకర్ అన్నారు, దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో ఫుల్లర్ అన్నారు. మూడు పేర్లకూ పటాలు తీసి చూస్తే పాత యాసల సరిహద్దులే కనిపిస్తాయి. మన దగ్గర ఒకే వస్తువును శ్రీకాకుళంలో ఒక మాటతో, గుంటూరులో ఇంకో మాటతో పిలిచినట్టే.

ఇవాళ టర్నర్‌లు సంఖ్యలో ఎక్కువగా ఉన్నది అమెరికాలో, తర్వాత ఇంగ్లండ్‌లో. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలండ్‌లలోనూ మామూలు పేరే. అమెరికా జనాభా లెక్కల శాఖ 2000, 2010 సంవత్సరాలకు కనీసం వంద మంది ఉన్న ఇంటిపేర్ల జాబితాలు ఉచితంగా పెట్టింది, అందులో మీ పేరు స్థానం చూసుకోవచ్చు.

కుటుంబాన్ని తరం తరం వెతకాలంటే తేదీలు కొన్ని గుర్తుండాలి. ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు 1538 నుంచి, ప్రభుత్వ జనన మరణ నమోదు 1837 జులై నుంచి, స్కాట్లండ్‌లో 1855 నుంచి. ఈ రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ వెబ్‌సైట్లు ఉచితం. మన మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన దొరల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల రికార్డులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. భారతదేశంలో బతికిన బ్రిటిష్ కుటుంబాల కోసం ఫిబిస్ అనే సంఘం ఉంది, వాళ్ల సూచికలో ఉచితంగా వెతకవచ్చు. విశాఖలో ఈస్టిండియా కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ, అంటే వ్యాపార కొఠీ, 1682లో మొదలైంది కాబట్టి మనవైపు పేర్లు అక్కడ బాగానే తగులుతాయి.

ఒక విషయంలో జాగ్రత్త పడండి. టర్నర్ వంశానికి రాజముద్ర అని చెప్పి, సింహం బొమ్మతో రంగుల ఫ్రేమ్ ఆన్‌లైన్‌లో అమ్మారు. 1,200 రూపాయలు పోసి కొన్నాను. తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌లో అలాంటి ముద్ర ఒక మనిషికీ అతని వారసులకీ ఇస్తారు, ఇంటిపేరుకు ఇవ్వరు. ఆ ముద్రల వ్యవహారం చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ 1484 నుంచి ఉంది, ఈ మాట స్పష్టంగా చెప్పేది వాళ్లే. ఆ డబ్బుతో ఏటికొప్పాక బొమ్మలు కొనండి.

మన ఊళ్లోనే మొదలుపెట్టాలనుకుంటే రెండు పేర్లు సూచిస్తాను. లాసన్స్ బే కాలనీలో ఉన్న లాసన్ మొదటిది. 'సన్' ఉంది కాబట్టి నూకాలమ్మ కొడుకు రకం. 'లా' అంటే చట్టం అనుకోకండి, అది లారెన్స్ అనే పేరుకు ముద్దుపేరు. లాసన్ అంటే లారెన్స్ కొడుకు. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, స్కాట్లండ్‌లో ఎక్కువ. పటం తీసి సరిచూసుకోండి. రెండోది హార్బరు పక్కన మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్. స్కాట్లండ్‌లో ఈ ఇంటిపేరు వెనక ఉన్న గేలిక్ మాట 'రోస్', నీళ్లలోకి పొడుచుకొచ్చిన భూభాగం. రాస్ హిల్ మీద నిలబడితే ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తుంది. పేరుకీ చోటుకీ ఈ పోలిక తనంతట కుదిరిందే, ఇలాంటిది చూసి ఆనందించండి గానీ ఆధారంగా రాసుకోకండి. వాల్తేరు మాత్రం ఈ జాబితాలోకి రాదు. వాల్టేర్ అని ఇంగ్లీషులో రాసింది చూసి, వాల్టర్ అనే దొర పేరనుకుంటారు చాలామంది. అది మన తెలుగు ఊరిపేరే.

రాళ్ల మీద పేర్లు చదవాలంటే భీమిలి వెళ్లండి. అక్కడి పాత శ్మశానంలోవి డచ్చివాళ్ల సమాధులు, కాబట్టి అందులోని పేర్లకు ఇంగ్లీషు నిఘంటువు పనికిరాదు, డచ్చి పేర్ల నిఘంటువు చూడాలి. పాత ఇంగ్లీషు రాళ్ల మీదైతే మాట మధ్యలో వచ్చే ఎస్ అక్షరం ఎఫ్‌లా ఉంటుంది. రాస్‌ని రాఫ్స్ అని చదివేసే ప్రమాదముంది. రాయి మీద సుద్ద పూయకండి, ఇనప బ్రష్ అసలే వద్దు, ఉప్పుగాలికి ఇప్పటికే అరిగి ఉన్నాయి. పొద్దున్న ఏడు గంటల లోపు వెళ్తే వెలుగు ఏటవాలుగా పడి అక్షరాల గుంటలు తేలతాయి. ఎండ నెత్తికెక్కాక వెళ్తే ఫోన్ టార్చి రాయికి పక్క నుంచి పట్టుకుని ఇంకొకరిచేత ఫొటో తీయించండి. ఏ రాయి, ఏ వరస, ఏ తేదీన చూశారో అక్కడే నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుని, అప్పుడు పక్క రాయి దగ్గరికి వెళ్లండి.